దీనబంధు ఆండ్రూస్: గొడవ మధ్యలోకి నడిచివెళ్లిన మనిషి



ప్రతి నెలా ఒక మహనీయుడి జీవితం చెప్పుకుంటున్నాం కదా. ఈసారి మీరు పుస్తకాల్లో ఒక్క వాక్యంలో చదివి దాటేసిన పేరు ఒకటి తీసుకుందాం. గాంధీగారి పాత ఫొటోల్లో ఆయన పక్కన గుబురు గడ్డంతో, ఖద్దరు బట్టలతో ఒక తెల్లాయన కనిపిస్తారు, గుర్తుందా? ఆయనే చార్లెస్ ఫ్రియర్ ఆండ్రూస్. మనవాళ్లు ఆయన్ని దీనబంధు అని పిలుచుకున్నారు. పుట్టింది ఇంగ్లండులో, కన్నుమూసింది కలకత్తాలో. ఈ రెంటికీ మధ్య ఆయన చేసిన పని ఒక్కటే. ఎక్కడ రెండు పక్షాలు కత్తులు నూరుకుంటుంటే అక్కడికి వెళ్లి మధ్యలో నిలబడటం.

బడిలో ఇద్దరు కొట్టుకుంటే మనం ఏం చేస్తాం? "చాల్లే, ఇద్దరూ సారీ చెప్పుకోండి" అనేసి పంపించేస్తాం. గొడవ ఆగిపోతుంది. కానీ ఒకడు రోజూ ఇంకొకడి డబ్బా లాక్కుని తినేస్తున్నాడని, ఇవాళ వాడు తిరగబడ్డాడని మనకు తెలియదు. అడగలేదు కాబట్టి తెలియదు. మరుసటి రోజు నుంచి ఆ డబ్బా మళ్లీ పోతుంది. అది శాంతి కాదు, నిశ్శబ్దం. ఈ తేడా ఆండ్రూస్‌కు బాగా తెలుసు. అందుకే ఆయన కథ మీకు చెప్పాలనిపించింది.

ఇంట్లో నేర్చుకున్న మొదటి పాఠం

చార్లెస్ 1871 ఫిబ్రవరి 12న ఇంగ్లండు ఉత్తర భాగంలోని న్యూకాసిల్ పట్టణంలో పుట్టాడు. పెద్ద కుటుంబం. తర్వాత బర్మింగ్‌హామ్‌లో పెరిగాడు. తండ్రి ఒక చిన్న క్రైస్తవ శాఖలో బోధకుడు. బ్రిటిష్ సామ్రాజ్యం అంటే ఆయనకు ఎంతో గౌరవం. మన దేశంలో 1857లో జరిగిన తిరుగుబాటు గురించి ఆంగ్లేయుల వీరగాథలే కొడుక్కి చెప్పేవాడు. కాబట్టి ఈ పిల్లవాడు పుట్టుకతోనే మన పక్షం అనుకోకండి. నేర్చుకోవలసినవీ, మరిచిపోవలసినవీ ఆయనకూ చాలా ఉన్నాయి.

ఆ ఇంట్లో జరిగిన ఒక సంగతి మాత్రం ఆయన జీవితాంతం గుర్తుపెట్టుకున్నాడు. తల్లి తరఫు ఆస్తిని చూసుకోమని ఒక కుటుంబ స్నేహితుడికి అప్పగించారు. ఆయన ఆ డబ్బంతా జూదం లాంటి వ్యాపారంలో పోగొట్టేశాడు. ఒక్కసారిగా ఇల్లు పేదరికంలో పడింది. ఎవరైనా ఏం చేస్తారు? శాపనార్థాలు పెడతారు, కోర్టుకెక్కుతారు. ఆ తండ్రి పిల్లలందరినీ కూర్చోబెట్టుకుని, మోసం చేసిన ఆ స్నేహితుడి కోసం ప్రార్థన చేశాడు. శత్రువును ప్రేమించమని క్రీస్తు చెప్పిన మాట చార్లెస్ అంతకుముందు చాలాసార్లు విని ఉంటాడు. అది ఎలా ఉంటుందో కళ్లారా చూసింది మాత్రం ఆ రోజే.

చదువులో చురుకు. స్కాలర్‌షిప్పుల మీద చదువుకుని కేంబ్రిడ్జిలోని పెంబ్రోక్ కళాశాలకు చేరాడు. చదువయ్యాక లండన్ దక్షిణ భాగంలో వాల్‌వర్త్ అనే పేదపేటలో కొన్నేళ్లు పనిచేశాడు. 1897లో ఆంగ్లికన్ చర్చిలో గురువయ్యాడు. ఆరోగ్యం పాడై కేంబ్రిడ్జికి తిరిగొచ్చి అక్కడే పాఠాలు చెప్పాడు. ఆయన ప్రాణస్నేహితుడు ఒకడు ఢిల్లీలో మతసేవ చేస్తూ 1900లో కలరాతో చనిపోయాడు. ఆ స్నేహితుడు వదిలిన పని తాను అందుకోవాలని ఆయన మనసులో పడింది. 1904 మార్చిలో ఢిల్లీలో దిగారు.

ఢిల్లీలో ముగ్గురు స్నేహితులు

సెయింట్ స్టీఫెన్స్ కళాశాలలో ఉపాధ్యాయుడిగా చేరారు. ఆ రోజుల్లో తెల్లవాళ్ల క్లబ్బు వేరు, తెల్లవాళ్ల రైలుపెట్టె వేరు, చివరికి చర్చిలో కూర్చునే చోటూ వేరే. క్రైస్తవుడైనా సరే, భారతీయుడైతే ఒక మెట్టు కిందే. ఇది చూసి ఆయన ఆశ్చర్యపోయారు, తర్వాత సిగ్గుపడ్డారు.

అదే కళాశాలలో సుశీల్ కుమార్ రుద్ర అనే బెంగాలీ క్రైస్తవుడు పనిచేసేవారు. అనుభవంలో ఆండ్రూస్ కంటే చాలా పెద్ద. ప్రిన్సిపాల్ పదవి ఖాళీ అయినప్పుడు, తెల్లవాడే ఆ కుర్చీలో కూర్చోవాలని కొందరు పట్టుబట్టారు. ఆండ్రూస్ ఒప్పుకోలేదు. రుద్ర గారికే ఇవ్వాలని గట్టిగా నిలబడ్డారు. 1906లో రుద్ర ఆ కళాశాలకు మొదటి భారతీయ ప్రిన్సిపాల్ అయ్యారు. తనకు దొరకగల కుర్చీని ఇంకొకరికి ఇప్పించడం చిన్న సంగతి కాదు, ఆలోచించండి.

రెండో స్నేహితుడు మౌల్వీ జకావుల్లా. పాత ఢిల్లీ పెద్దమనిషి, గొప్ప పండితుడు. ఆయన దగ్గర కూర్చుని ఆండ్రూస్ ముస్లిం ఢిల్లీ సంస్కారాన్ని తెలుసుకున్నారు. తర్వాత ఆయన జీవితచరిత్ర కూడా రాశారు. మూడో స్నేహితుడు కాంగడీ గురుకులం నడిపిన మున్షీరామ్. తర్వాత స్వామి శ్రద్ధానందగా పేరుపొందింది ఆయనే. ఒక క్రైస్తవుడు, ఒక ముస్లిం, ఒక ఆర్యసమాజి. ముగ్గురినీ ఒకే మనిషి మనస్ఫూర్తిగా ప్రేమించాడు. ఎదుటివాళ్ల ఇంట్లోకి ముందు అతిథిగా వెళ్లండి, ఆ తర్వాతే రాజీ మాట ఎత్తండి. ఆయన పద్ధతి ఇదీ.

1912లో లండన్‌లో రవీంద్రనాథ్ ఠాగూర్‌ను కలిశారు. ఆ పరిచయం జీవితాంతం నిలిచింది.

మద్రాసు రేవు నుంచి డర్బన్ దాకా

ఇక్కడ కథ మన ఇంటి గడప దగ్గరికి వస్తుంది.

మన చెన్నై రేవు మీకు తెలుసు. 1860లో ఇక్కణ్ణుంచే ట్రూరో అనే ఓడ కూలీలతో బయలుదేరి, నవంబరు 16న దక్షిణాఫ్రికాలోని డర్బన్ చేరింది. అక్కడి నాటాల్ ప్రాంతంలో చెరకు తోటలకు మనుషులు కావాలి. అప్పట్నుంచి 1911 వరకు లక్షా యాభై వేలమందికి పైగా భారతీయులు అలా నాటాల్‌కు వెళ్లారు. వాళ్లలో మూడింట రెండు వంతులమంది మద్రాసు నుంచి ఓడెక్కినవాళ్లే. అంటే తమిళులు, తెలుగువాళ్లు. విశాఖపట్నం, ఉత్తర ఆర్కాటు జిల్లాల వంటి చోట్ల కరువుకు, అప్పులకు ఊరు వదిలినవాళ్లు. ఐదేళ్లకు ఒక కాగితం మీద వేలిముద్ర వేసేవాళ్లు. ఇంగ్లీషులో అది అగ్రిమెంట్. కూలీల నోట్లో గిర్మిట్ అయింది. ఆ కాగితం ఉన్నన్నాళ్లూ తోట వదిలి వెళ్లడానికి లేదు. పని మానేస్తే జైలు.

ఐదేళ్లు పూర్తయ్యాక అక్కడే ఉండిపోదామంటే మనిషికి ఏటా మూడు పౌన్ల పన్ను. కూలివాడికి అది నెలల తరబడి సంపాదన. 1913లో అక్కడి న్యాయస్థానం తీర్పు వల్ల మన సంప్రదాయ వివాహాలు చెల్లకుండా పోయే పరిస్థితి కూడా వచ్చింది. అంటే ఇల్లాలికి ఇల్లాలనే గుర్తింపే లేదు. ఆ ఏడు అక్టోబరులో గనికార్మికులు, తర్వాత తోటల కూలీలు వేలమంది పని ఆపేశారు. గాంధీగారిని జైల్లో పెట్టారు. కూలీల మీద కాల్పులు జరిగాయి, ప్రాణాలు పోయాయి.

చిత్రమేమిటంటే, ఆ సమ్మె మొదలైన బొగ్గుగనుల ఊరి పేరు కూడా న్యూకాసిలే. కాకపోతే దానికి ఆ పేరు వచ్చింది బ్రిటిష్ వలసల మంత్రిగా పనిచేసిన న్యూకాసిల్ డ్యూక్ వల్ల.

గోపాలకృష్ణ గోఖలే గారు అడగ్గానే ఆండ్రూస్, ఆయన మిత్రుడు పియర్సన్ ఓడెక్కారు. 1914 జనవరి మొదట్లో డర్బన్‌లో దిగారు. తమను తీసుకెళ్లడానికి వచ్చినవాళ్లలో గాంధీగారు ఎవరని అడిగి, ఆయన కనబడగానే ఆండ్రూస్ వంగి పాదాలు తాకారు. ఒక తెల్లవాడు నలుగురి ముందు భారతీయుడి కాళ్లకు దండం పెట్టడమా? డర్బన్‌లోని తెల్లవాళ్లు మండిపడ్డారు. మనకు పెద్దవాళ్ల కాళ్లకు మొక్కడం మామూలే. ఆ ఊళ్లో, ఆ రోజున, అది ఒక దేశం చేసిన తప్పుకు ఒక మనిషి అడిగిన క్షమాపణ.

తర్వాత అసలు పని మొదలైంది. ప్రభుత్వం తరఫున జనరల్ స్మట్స్. కూలీల తరఫున గాంధీగారు. ఒకరి మీద ఒకరికి నమ్మకం లేదు. ఆండ్రూస్ ఇద్దరి దగ్గరికీ వెళ్లేవారు. ఆయన పుట్టుక వల్ల స్మట్స్ తలుపు తెరుచుకునేది. ఆయన నడత వల్ల గాంధీగారి తలుపు తెరుచుకునేది. సరిగ్గా అప్పుడే అక్కడి తెల్ల రైల్వే ఉద్యోగులు సమ్మెకు దిగారు. ప్రభుత్వం ఇరుకున పడింది. దెబ్బ మీద దెబ్బ కొట్టడానికి అంతకంటే మంచి సమయం దొరకదు. కానీ ఎదుటివాడు కష్టంలో ఉన్నప్పుడు లాభం తీసుకోకూడదని గాంధీగారు తమ ఉద్యమాన్ని వాయిదా వేశారు. ఆ ఒక్క పనితో స్మట్స్ మనసు కొంత మెత్తబడింది. ఒప్పందం ఉత్తరంలో ఒక మాట దగ్గర పేచీ వస్తే, ఇద్దరూ ఒప్పుకోగల మాట వెతికిపెట్టింది ఆండ్రూసే. జనవరి 21న తాత్కాలిక ఒప్పందం కుదిరింది. ఆ ఏడాదే మూడు పౌన్ల పన్ను రద్దయింది. మన వివాహాలకు గుర్తింపు వచ్చింది.

అదే నెలలో ఇంగ్లండులో ఆయన తల్లి కన్నుమూసింది. కడసారి చూపు దక్కలేదు.

ఫిజీ తోటల్లో

1914లోనే ఆయన ఠాగూర్ గారి శాంతినికేతన్‌కు వచ్చేశారు. చర్చి గురువుగా చేసే పనులు పక్కన పెట్టారు. క్రైస్తవ విశ్వాసాన్ని మాత్రం ఎన్నడూ పక్కన పెట్టలేదు. ఎవరినీ మతం మార్చాలని చూడలేదు. క్రీస్తు చెప్పినట్టు బతకడమే తన బోధ అనుకున్నారు.

1915లో ఆయనకు కలరా వచ్చింది. చావు దాకా వెళ్లి బతికారు. కోలుకుంటూ మంచం మీద ఉండగా, నాటాల్‌లో చూసిన ఒక కూలీ ముఖం కళ్లముందు నిలిచింది. తోట నుంచి పారిపోయి వచ్చిన మనిషి, వీపంతా దెబ్బలు. చూస్తుండగా ఆ ముఖం క్రీస్తు ముఖంగా మారినట్టు తనకు తోచిందని ఆయన తర్వాత రాసుకున్నారు. ఇక ఆగలేదు. ఒంట్లో సత్తువ పూర్తిగా రాకముందే పియర్సన్‌తో కలిసి ఫిజీ ప్రయాణం కట్టారు.

ఫిజీ పసిఫిక్ సముద్రంలో చిన్న దీవుల దేశం. 1879 నుంచి 1916 వరకు సుమారు 60 వేలమంది భారతీయులు గిర్మిట్ మీద అక్కడికి వెళ్లారు. 1903 నుంచి మద్రాసు ఓడలు కూడా మొదలయ్యాయి. మొత్తం మీద నాలుగో వంతు మంది దక్షిణాది వాళ్లే. వాళ్లలో మన తెలుగువాళ్లూ ఉన్నారు. నూరుమంది మగవాళ్లకు నలభైమంది ఆడవాళ్లనే పంపాలని లెక్క. దాంతో ఎన్ని సంసారాలు చెదిరిపోయాయో, ఎంతమంది ఆడవాళ్లు నరకం చూశారో ఆండ్రూస్ తన నివేదికలో దాచకుండా రాశారు. కూలీలు ఉండే వరుస గదులు, ఆ ఇరుకు, ఆత్మహత్యలు, హత్యలు, అన్నీ రాశారు.

ఆయన ఎలా రాశారో చూడండి. తోటల యజమానులను తిట్టి ఊరుకోలేదు. వాళ్ల దగ్గరికీ వెళ్లారు. చక్కెర కంపెనీ అధికారులతో కూర్చుని మాట్లాడారు. తప్పు మనుషులది మాత్రమే కాదు, ఈ పద్ధతిదే అని చూపించారు. మంచి యజమాని ఉన్నా పద్ధతి చెడ్డదైతే మనిషి బానిసే అవుతాడని ఆయన వాదన. 1916 ఫిబ్రవరిలో నివేదిక వచ్చింది. మార్చిలో మదన్ మోహన్ మాలవీయ గారు కేంద్ర శాసనమండలిలో గిర్మిట్ రద్దు తీర్మానం పెట్టారు, వైస్రాయ్ హార్డింజ్ ఒప్పుకున్నారు. అయినా ఇంకో ఐదేళ్లు సాగదీస్తారని తెలిసి దేశమంతా గొడవ చేసింది. 1917లో కూలీలను పంపడం ఆగిపోయింది. అదే ఏడు ఆండ్రూస్ మళ్లీ ఫిజీ వెళ్లారు, ఈసారి ఒక్కరే. అక్కడి మనవాళ్లే ఆయనకు దీనబంధు అనే పేరు పెట్టారు. 1920 జనవరి 1న ఫిజీలో మిగిలిన గిర్మిట్ కాగితాలన్నీ రద్దయ్యాయి.

బిరుదు ఎవరిచ్చారో గమనించండి. రాజుగారు కాదు, విశ్వవిద్యాలయం కాదు. కూలీలు ఇచ్చారు.

స్నేహితుడికి కూడా కాదని చెప్పడం

పరాయివాడి తప్పు ఎత్తిచూపడం తేలిక. మనవాడి తప్పు ఎత్తిచూపడమే కష్టం.

1918లో మొదటి ప్రపంచ యుద్ధం జరుగుతోంది. గాంధీగారు గుజరాత్‌లోని ఖేడా పల్లెల్లో తిరిగి సైన్యంలో చేరమని యువకులను అడుగుతున్నారు. ఆండ్రూస్‌కు ఇది మింగుడుపడలేదు. అహింస చెప్పే మనిషి యుద్ధానికి మనుషులను పోగుచేయడమేమిటని ఉత్తరాల్లో సూటిగా అడిగారు. గాంధీగారు పొడవాటి జవాబులు రాశారు. ఇద్దరి అభిప్రాయాలూ కలవలేదు. స్నేహం మాత్రం చెడలేదు.

1921లో విదేశీ బట్టల దహనం జరిగినప్పుడూ అంతే. ఖద్దరు కట్టడం మంచిదే, కానీ సాటి మనిషి చేతులతో నేసిన బట్టను మంటల్లో వేయడంలో ద్వేషం వాసన ఉందని ఆండ్రూస్ బాధపడ్డారు. ఆ సంగతి గాంధీగారికే రాశారు. గాంధీగారు ఆ ఉత్తరాన్ని దాచిపెట్టలేదు. తన పత్రికలోనే అచ్చువేసి, దానికి సమాధానం కూడా అక్కడే ఇచ్చారు. విమర్శించినవాడి ధైర్యం ఒకటి, విమర్శను అచ్చువేసినవాడి ధైర్యం ఇంకొకటి. రెండూ మనం నేర్చుకోవలసినవే.

గాయపడ్డవాళ్ల దగ్గర

1919 ఏప్రిల్ 13న అమృత్‌సర్‌లోని జలియన్‌వాలా బాగ్‌లో ఏం జరిగిందో మీరు చదువుకున్నారు. సర్కారు లెక్క ప్రకారమే 379 మంది చనిపోయారు. పంజాబ్‌లో సైనికపాలన పెట్టి బయటివాళ్లను రానివ్వలేదు. ఆండ్రూస్ బయలుదేరారు. అమృత్‌సర్ స్టేషన్‌లోనే ఆయన్ని పట్టుకుని వెనక్కి పంపేశారు. తన సొంత దేశంవాళ్ల ప్రభుత్వమే! కొన్ని నెలల తర్వాత మళ్లీ వెళ్లారు. ఊరూరా తిరిగి, కొరడా దెబ్బలు తిన్నవాళ్లను, అయినవాళ్లను పోగొట్టుకున్నవాళ్లను కలిసి వివరాలు సేకరించారు. నిజం బయటపెట్టాలి, పగ మాత్రం పెంచుకోవద్దు అన్నదే ఆయన కోరిక. ఈ రెండూ కలిసి ఉండటం ఎంత కష్టమో పెద్దవాళ్లకు తెలుసు.

1921లో అస్సాం తేయాకు తోటల నుంచి వేలమంది కూలీలు ఆకలికి తట్టుకోలేక ఇళ్లకు బయలుదేరారు. చాంద్‌పూర్ దగ్గర డబ్బులేక ఆగిపోయారు. రైల్వేస్టేషన్‌లో తలదాచుకున్నవాళ్లను రాత్రిపూట సైనికులు తరిమికొట్టారు. ఆ వెంటనే కలరా. ఆండ్రూస్ అక్కడికి వెళ్లి రోగుల మధ్య పనిచేశారు. కూలీల దారి ఖర్చు కోసం ప్రభుత్వాన్ని అడిగారు, కుదరలేదు. చందాలు పోగుచేసి వాళ్లను ఊళ్లకు పంపారు.

1924లో హిందూ ముస్లిం అల్లర్లు చూసి గాంధీగారు ఢిల్లీలో 21 రోజుల నిరాహారదీక్ష చేశారు. మొదట మౌలానా మహమ్మద్ అలీ గారి ఇంట్లోనే. ఆ రోజుల్లో ఆండ్రూస్ ఆయన పక్కనే ఉండి సేవ చేశారు. యంగ్ ఇండియా పత్రిక పని కూడా చూసుకున్నారు. అక్టోబరు 8న దీక్ష విరమించేటప్పుడు ఖురాన్ చదివారు, ఆండ్రూస్ ఒక క్రైస్తవ కీర్తన పాడారు, వినోబా ఉపనిషత్తు చదివారు. ఢిల్లీలో ముగ్గురు స్నేహితులతో మొదలైన పాఠం ఆ గదిలో అందరికీ కనిపించింది.

నష్టపోయినవాడి ఇంటికి వెళ్లడం

ఇంకొక్క సంగతి చెప్పి ముగిస్తాను. 1931లో గాంధీగారు రౌండ్ టేబుల్ సమావేశానికి లండన్ వెళ్లారు. మన విదేశీ బట్టల బహిష్కరణ వల్ల ఇంగ్లండులోని లాంకషైర్‌లో మిల్లులు మూతపడ్డాయని, వేలమందికి పని పోయిందని అక్కడ కోపంగా ఉంది. గాంధీగారిని ఆ మిల్లు కార్మికుల దగ్గరికే తీసుకెళ్లాలని ఆండ్రూస్ ఏర్పాటు చేశారు. ఎవరైనా వద్దంటారు కదా? కానీ సెప్టెంబరు చివర్లో డార్వెన్ ప్రాంతంలో పనిలేని ఆ కార్మికులు గాంధీగారిని ఆప్యాయంగా చుట్టుముట్టారు. ఆయన వాళ్ల కష్టం విన్నారు, మన పల్లెల ఆకలి వాళ్లకు చెప్పారు. బహిష్కరణ ఆగలేదు. పోయిన పని తిరిగి రాలేదు. కానీ రెండు దేశాల పేదవాళ్లు ఒకరి ముఖం ఒకరు చూశారు. ముఖం చూసినవాణ్ణి ద్వేషించడం కొంచెం కష్టమవుతుంది.

ఆయన చేయలేకపోయింది

ఇదంతా విని ఆయన ఎక్కడికెళ్తే అక్కడ శాంతి వచ్చేసింది అనుకోవద్దు. అలా చెబితే అబద్ధం అవుతుంది. 1927లో భారత, దక్షిణాఫ్రికా ప్రభుత్వాల మధ్య కుదిరిన కేప్‌టౌన్ ఒప్పందానికి ఆయన చాలా కష్టపడ్డారు. దానివల్ల అప్పటికి పెద్ద ముప్పు తప్పింది. కానీ భారతీయులను డబ్బిచ్చి వెనక్కి పంపే పథకం కూడా అందులో ఉంది. ఆ దేశం అసలు మనుషులైన ఆఫ్రికన్ల హక్కుల మాట అందులో లేదు. ఆయన పోయాక, 1948 తర్వాత ఆ దేశం ఇంకా ఘోరమైన వర్ణవివక్షలోకి వెళ్లింది. ఇంగ్లీషువాళ్లలో చాలామంది ఆయన్ని ఇంటిదొంగ అన్నట్టు చూశారు. మనవాళ్లలో కొందరు గూఢచారి అని అనుమానించారు. మధ్యలో నిలబడ్డవాడికి రెండు వైపుల నుంచీ రాళ్లు పడతాయి.

అయినా ఆయన ఆగలేదు. ఆస్తి లేదు, సొంత ఇల్లు లేదు, పెళ్లి చేసుకోలేదు. ఒంటి మీద కోటు కూడా ఎవరికో ఇచ్చేసి వచ్చేవారట. స్నేహితులు ఇంకోటి కొనిపెడితే అదీ అంతే. రెండో ప్రపంచ యుద్ధం మొదలైన కొన్ని నెలలకు, 1940 ఏప్రిల్ 5న కలకత్తాలో ఆసుపత్రిలో కన్నుమూశారు. చివరి రోజుల్లో గాంధీగారు వచ్చి చూసి వెళ్లారు. అక్కడి లోయర్ సర్క్యులర్ రోడ్డు క్రైస్తవ శ్మశానంలో సమాధి ఉంది. 1971లో, ఆయన పుట్టి నూరేళ్లయినప్పుడు, మన ప్రభుత్వం తపాలాబిళ్ల విడుదల చేసింది. ఢిల్లీలో ఆండ్రూస్ గంజ్ అని ఒక పేటే ఉంది.

ఇక మన సంగతి

మనమూ వలస వచ్చినవాళ్ల పిల్లలమే. మన తాతలు రైలెక్కి, నడిచి ఇక్కడికి వచ్చారు. వాళ్లలాంటివాళ్లే ఇంకొందరు ఓడెక్కి డర్బన్, ఫిజీ చేరారు. దక్షిణాఫ్రికాలో తెలుగువాళ్లు 1931లో ఆంధ్ర మహాసభ పెట్టుకుని భాషను కాపాడుకున్నారు. మనం ఇక్కడ ఈ బడి నడుపుకుంటున్నట్టే. గిర్మిట్ కాగితం పోవడానికి చెమటోడ్చిన ఆ తెల్లాయన వాళ్ల తాతలకు బంధువైతే, మనకూ బంధువే.

పిల్లలూ, ఈసారి మీ ముందు ఎవరైనా కొట్టుకుంటే మూడు పనులు చేసి చూడండి. ముందు ఇద్దరినీ విడివిడిగా అడగండి, ఏమైందని. తర్వాత ఎవరికి ఎక్కువ దెబ్బ తగిలిందో వాళ్ల పక్కన కూర్చోండి. ఆ తర్వాత, తప్పు చేసింది మీ స్నేహితుడే అయినా సరే, ఆ సంగతి వాడితోనే చెప్పండి, వాడి వెనక కాదు. స్నేహం వదలకుండా చెప్పండి.

అమ్మానాన్నలకు ఒక మనవి. మన అపార్టుమెంటుల్లో, వాట్సాప్ గ్రూపుల్లో, చుట్టాల మధ్య గొడవలు వస్తూనే ఉంటాయి. అప్పుడు పిల్లలు మన మాటలు కాదు, మన నడత చూస్తారు. బర్మింగ్‌హామ్‌లో ఆ తండ్రి ఒక సాయంత్రం చేసిన ప్రార్థన ఎంత దూరం వెళ్లిందో చూశారు కదా.

గమనిక: 6 నుంచి 10వ తరగతి పిల్లలు ఈ వ్యాసం ఇంట్లో పెద్దవాళ్లకు చదివి వినిపించాలి. మీ కుటుంబం ఏ ఊరి నుంచి, ఎందుకు ఇక్కడికి వచ్చిందో తాతయ్యను, అమ్మమ్మను, నాయనమ్మను అడిగి ఒక పేజీ తెలుగులో రాసి మీ తెలుగు టీచర్‌కు ఇవ్వండి. తప్పులున్నా పరవాలేదు, మీ చేతిరాతే కావాలి. మంచివాటిని నోటీసు బోర్డు మీద పెడతాం.